మొదటి స్కాన్‌లో ఏమీ కనపడకపోతే ఇంటికెళ్ళిపోవచ్చా?

"స్కేనింగులో ఏటీ నేదన్నారు కదండీ, ఇంటికి తీసుకెళ్ళిపోతాం." విశాఖలో ఎమర్జెన్సీ డ్యూటీ చేస్తున్నప్పట్నుంచి నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే.

అపోహ: దెబ్బ తగిలాక చేసిన మొదటి స్కాన్ బాగుంటే లోపల రక్తం కారనట్టే.

వాస్తవం: మంచం దగ్గరే రెండు మూడు నిమిషాల్లో చేసే ఫాస్ట్ స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష, ఆ నిమిషానికి కనపడేంత రక్తం చేరిందా లేదా అన్నదే చెబుతుంది. లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య, స్ప్లీన్ (ఎడమ డొక్కలో ఉండే ప్లీహం) పక్కన, మూత్రాశయం వెనక, గుండె చుట్టూ చూస్తాం. పొట్టలో సుమారు 200 మిల్లీలీటర్లయినా చేరందే సాధారణంగా స్కాన్‌లో రక్తం తాలూకు నల్లటి చార కనపడదు. పేగు చిల్లుపడినా, కిడ్నీల వెనక రక్తం కారినా దీనికి దొరక్కపోవచ్చు.

ఆనందపురం దగ్గర బైక్ జారిన కుర్రాడొకడు వచ్చాడు. హ్యాండిల్ ఎడమ డొక్కలో తగిలింది, పైకి చిన్న గీత అంతే. పల్స్ 88, స్కాన్‌లో ఏమీ లేదు. పొద్దున్నే షిఫ్టుందని మేనమామ తొందరపెట్టారు. ఈ ఒక్క రాత్రి ఉంచండని బతిమాలాను. మూడు గంటలకి కుర్రాడు "ఎడం భుజం లాగుతోంది సార్" అన్నాడు. భుజానికి దెబ్బే లేదు! కారిన రక్తం డయాఫ్రమ్‌కి (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. పల్స్ 124. బీపీ మాత్రం 118/76, వయసులో ఉన్నవాళ్ళకి అది ఆఖర్నగానీ పడదు. స్కాన్ చేసే ప్రోబ్ మళ్ళీ పొట్ట మీద పెడితే స్ప్లీన్ పక్కన వేలెడు మందాన నలుపు. తెల్లారేలోపు ఆపరేషన్ అయింది. మేనమామ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొత్తలో నేనూ "స్కాన్ నార్మల్" అనేసేవాణ్ణి. ఇప్పుడు "ఇప్పటికి రక్తం కనపడలేదు, మళ్ళీ చూద్దాం" అంటాను.

మిగతావి గబగబా. ఫాస్ట్ స్కాన్‌కి రేడియేషన్ లేదు, గర్భిణులకూ చేస్తాం. నల్లగా కనపడిందల్లా రక్తం కాదు, లివర్ జబ్బులో చేరే నీరూ అలాగే ఉంటుంది. సీటీ స్కాన్ డబ్బు కోసమే రాస్తారన్న ఫార్వర్డులు దయచేసి పంపకండి. ఏ అవయవం ఎంత చిట్లిందో చూపేది అదే. యాక్సిడెంట్లకే కాదు, నెల తప్పిన అమ్మాయి కడుపునొప్పితో కళ్ళు తిరిగి పడితే ట్యూబులో గర్భం పగిలిందేమోనని ముందు ప్రోబే పెడతాం.

ఇంటికి పంపాక కళ్ళు తిరిగినా, చల్లటి చెమటలు పట్టినా, పొట్ట బిగిసినా, భుజం లాగినా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చెయ్యండి. మళ్ళీ ఎందుకొచ్చారని మేం అడగం.