మసకతో దూరం కొలిచే సాలీడు

ఫోనుకి క్లిప్ లెన్సు తగిలించి గోడ మీది సాలీళ్ళని ఫోటోలు తీస్తున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "కళ్ళు స్పష్టంగా పడితే కాళ్ళు మసకబారుతున్నాయి. కాళ్ళు కుదిరితే కళ్ళు పోతున్నాయి. లెన్సు నాసిరకమా?"

కాదు. లక్ష రూపాయల మాక్రో లెన్సు పెట్టినా ఇదే గొడవ. చిన్న లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 100 మి.మీ. నాభ్యంతరం ఉన్న లెన్సుతో 10 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషిని తీస్తున్నాం అనుకోండి. అతను ఇంకో మీటరు వెనక్కి జరిగినా, లెన్సు వెనక అతని ప్రతిబింబం కదిలేది 0.1 మి.మీ. కూడా ఉండదు. అదే లెన్సుతో సాలీడుని అసలు సైజులో తీద్దాం, అంటే 8 మి.మీ. ఒళ్ళు సెన్సరు మీద కూడా 8 మి.మీ. పడేలా. ఇప్పుడు సాలీడు 1 మి.మీ. వెనక్కి జరిగితే ప్రతిబింబమూ 1 మి.మీ. జరుగుతుంది, సెన్సరు నుంచి అంత ఎడమై మసకబారుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాలో ఎఫ్/8 దగ్గర (ఇది లెన్సులో కాంతి దూరే రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) స్పష్టంగా పడే మందం మొత్తం కలిపి 1 మి.మీ. లోపే. సాలీడు ముఖం నుంచి వెనక కాళ్ళ దాకా అందులో ఇమిడేదెలా?

రంధ్రం ఇంకా చిన్నది చేయొచ్చు కదా అంటారు. ఎఫ్/22 దాకా మూయండి. అసలు సైజు ఫోటోలో అది ఎఫ్/44 లాగా పనిచేస్తుంది. అంత ఇరుకులోంచి దూరిన కాంతి వివర్తనం చెంది, చుక్కగా పడాల్సింది దాదాపు 0.06 మి.మీ. వెడల్పున పరుచుకుంటుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 0.03 మి.మీ. దాటితేనే మసక కింద లెక్క. కాబట్టి ముందూ వెనకా తేడా లేకుండా అంతా సమానంగా మసకబారిన ఫోటో చేతికొస్తుంది.

అందుకే చేయి తిరిగినవాళ్ళు ఫోకస్‌ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పదులకొద్దీ ఫోటోలు తీసి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్కని సాఫ్ట్‌వేర్‌తో ఏరి అతుకుతారు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. సాలీడు కదలకుండా ఉండాలని కొందరు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్తారు. అలా తీసినదాన్ని ప్రకృతి ఫోటో అంటే నాకు మింగుడు పడదు.

అయితే, అలా ఏరి పారేసిన మసకలో పనికొచ్చే సమాచారం ఒకటుంది. ఏ వెంట్రుక ఎంత మసకగా పడిందో కొలిస్తే, అది ఫోకస్ కుదిరిన చోటి నుంచి ఎంత ఎడంగా ఉందో చెప్పొచ్చు. మనకి అక్కర్లేని ఈ కొలతతోనే గెంతే సాలీడు ఎర మీదకి గురి చూసి దూకుతుంది.

గెంతే సాలీళ్ళు సాల్టిసిడే కుటుంబానివి. 6,000కి పైగా జాతులున్నాయి. వేటకి వల కట్టవు. వీటి ఎనిమిది కళ్ళలో ముందున్న పెద్ద జంటే అసలు కథ. లెన్సు తల పెంకుకి అతుక్కుని ఉంటుంది, కదలదు. దాని వెనక తల లోపలికి పొడవాటి గొట్టం, ఆ గొట్టం చివర రెటీనా. ఒక్కో గొట్టానికి ఆరు కండరాలు. మనం కనుగుడ్డు తిప్పినట్టు ఇది లోపలి గొట్టాన్ని తిప్పుతుంది.

ఆ రెటీనా ఒక్క పొర కాదు, నాలుగు. భోజనం క్యారేజీ గిన్నెల్లా ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. లెన్సు మూత వైపు ఉందనుకోండి. కాంతి పై గిన్నెల్ని దాటుకుంటూ అడుగు గిన్నె దాకా దిగుతుంది. ఏ లెన్సయినా ఒక్కో రంగుని ఒక్కో లోతులో కేంద్రీకరిస్తుంది, దీనికి వర్ణ విపథనం అని పేరు. కెమెరా కంపెనీలు ఖరీదైన గాజు వాడి దీన్ని వదిలించుకోవాలని చూస్తాయి. సాలీడు లెన్సులో ఇది పుష్కలంగా ఉంది. ఆకుపచ్చ కాంతి స్పష్టంగా పడేది అడుగు గిన్నెలోనే. దాని పై గిన్నెలో నీలం కుదురుతుంది. కాబట్టి ఆ పై గిన్నె నీలాన్ని పట్టేదై ఉండాలి కదా?

2012లో జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ నుంచి నగతా, తెరకితా బృందం 'సైన్స్' పత్రికలో ఈ చిక్కునే విప్పింది. వాళ్ళు చూసింది హసారియస్ ఆడన్సోనీ అనే జాతి. ఉష్ణదేశాల్లో ఇళ్ళ గోడల మీద తిరుగుతుంది, మన దేశంలోనూ ఉంది. దీని కంట్లో అడుగు గిన్నెలోనూ, దాని పై గిన్నెలోనూ ఉన్నది ఆకుపచ్చని పట్టే వర్ణకమే! అంటే పై గిన్నెలో పడే ఆకుపచ్చ బొమ్మ ఎప్పుడూ మసకే. ఎర దగ్గరికొచ్చేకొద్దీ ప్రతిబింబం ఇంకా లోతుకి జారుతుంది, దాంతో పై గిన్నెలో మసక పెరుగుతుంది. అడుగున స్పష్టమైన బొమ్మ, పైన మసక బొమ్మ: రెండూ పోల్చుకుంటే ఒక్క కంటితోనే దూరం తేలుతుంది.

ఊహ బాగుంది, రుజువో? ఎరుపు కాంతి ఆకుపచ్చ కంటే తక్కువ వంగుతుంది, ఇంకా లోతున కేంద్రీకృతమవుతుంది. కాబట్టి ఎర్ర దీపం కింద, ఎర కదలకపోయినా పై గిన్నెలో మసక ఎక్కువవ్వాలి. సాలీడు "అబ్బే, దగ్గరే ఉంది" అనుకోవాలి. సరిగ్గా అదే జరిగింది. ఆకుపచ్చ వెలుగులో గురి తప్పకుండా దూకినవి, ఎర్ర వెలుగులో ఎరని అందుకోకుండా ముందే పడ్డాయి. ఇంత శుభ్రంగా సిద్ధాంతాన్ని ఇరకాటంలో పెట్టి పరీక్షించిన ప్రయోగాలు జీవశాస్త్రంలో నాకు ఎక్కువ తగల్లేదు.

2019లో హార్వర్డ్ బృందం ఇదే సూత్రంతో 3 మి.మీ. వెడల్పున్న ఒక చదును లెన్సు చేసింది. అది ఒకే దృశ్యాన్ని రెండు రకాల మసకలతో పక్కపక్కన పడేస్తుంది. ఆ రెండింటి తేడా నుంచి కంప్యూటరు దూరాల పటం గీస్తుంది. లేజర్లూ అక్కర్లేదు, రెండో కెమెరా అక్కర్లేదు.

శ్రీకాళహస్తిలో శివుణ్ణి కొలిచిన సాలీడుకి దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి చీపురు తీసే జనం మనం. సాలీడు పాకితే ఒంటి మీద పొక్కులు లేస్తాయని ఒక భయం. ఆ పొక్కులు చాలాసార్లు సర్పి తెచ్చే వైరస్‌వో, నలిపితే చర్మం మండించే ఒక చిన్న పెంకు పురుగువో అయ్యుంటాయి. గోడ మీది గెంతే సాలీడు మన జోలికి రాదు, నిశ్చింతగా దగ్గరికి వెళ్ళండి.

ఫోటో తీసేటప్పుడు సెన్సరుని ముఖానికి సమాంతరంగా పట్టండి. రెండు పెద్ద కళ్ళూ ఒకే దూరంలో ఉంటే ఉన్న కాస్త మందమూ వాటికి సరిపోతుంది. ఫ్లాష్ ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెడితే కళ్ళలో కాంతి గుచ్చుకున్నట్టు పడదు. ఫోటో కుదరకపోతే వీడియో తీయండి. లేత రంగు సాలీడయితే పెద్ద కన్ను ఒక క్షణం నల్లగా, మరుక్షణం తేనె రంగులో కనిపిస్తుంది. నల్లగా ఉన్నప్పుడు లోపలి గొట్టం మీ లెన్సు వైపే తిరిగి ఉందన్నమాట, తేనె రంగు వచ్చిందంటే పక్కకి తిరిగింది.