పది రూపాయల బిళ్ల చెల్లదని ఎవరన్నారు?

బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్న ఇన్నేళ్లలో ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒక్కటే: "పది రూపాయల బిళ్ల చెల్లుతుందా?"

చెల్లుతుంది. రూపాయి గుర్తు ఉన్నా, లేకున్నా. బిళ్ల మీది గీతలు పదైనా, పదిహేనైనా.

మొన్నామధ్య పూలమ్ముకునే పెద్దావిడ స్టీలు డబ్బా మూత తీసి, పాత చీరముక్కలో కట్టిన మూట చూపించింది. "ఇవి తీసుకుంటారా బాబూ? మార్కెట్లో ఎవరూ ముట్టుకోవట్లేదు." లెక్కపెడితే 136 బిళ్లలు. అంతకుముందే ఓ యాభై బిళ్లలు ఎవరికో ఒక్కోటి ఎనిమిదికి ఇచ్చేసిందట. నికరంగా వంద రూపాయల నష్టం. కొన్నవాడికి మాత్రం అవి చెల్లుతాయని బాగా తెలుసు!

ఈ పుకారు పుట్టించినవాళ్లను ఏమనాలో తెలీదు. గుర్తు లేనిది దొంగ బిళ్లట. అసలు రూపాయి గుర్తు వచ్చిందే 2010లో. అంతకుముందు చేసిన బిళ్ల మీద అదెలా ఉంటుంది? 2018 జనవరి నాటికి 14 డిజైన్లు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు అప్పుడే చెప్పింది. ఆ తర్వాతా కొత్తవి వచ్చాయి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందేమో చూడండి, ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో తయారైంది. ఇక్కడ చేసినదాన్ని ఇక్కడే వద్దంటున్నాం.

తప్పంతా జనానిదే అనను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్యూ పెద్దగా ఉంటే నేనూ "చిల్లరా? రేపు రండి" అన్నవాణ్ణే. బ్యాంకే తిప్పి పంపితే ఇక కిరాణా కొట్టువాడు ఎందుకు నమ్ముతాడు?

అయితే లీగల్ టెండర్ (చట్టప్రకారం చెల్లే డబ్బు) కదా అని సంచెడు బిళ్లలతో బైకు కొనడానికి వెళ్లకండి. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే లీగల్ టెండర్. అంతకు మించితే షోరూం వాడు వద్దనొచ్చు. బ్యాంకులో వేసుకోవడానికి ఆ పరిమితి లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. అర్ధరూపాయి చెల్లుతుంది, పది రూపాయల వరకు. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. నోటు నంబరులో నక్షత్రం ఉంటే నకిలీ కాదు. పెన్ను గీతలు పడిన నోటూ చెల్లుతుంది, గీయకుండా ఉంటే మాకు ఇంకా సంతోషం. రెండు వేల నోటును 2023 మేలో వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు గానీ రద్దు చేయలేదు. మా కౌంటర్లో మాత్రం మార్చం. హైదరాబాద్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసుకు వెళ్లాలి, లేదంటే పోస్టులో పంపాలి. బీరువాలో ఒకటి దొరికిందని టెన్షన్ పడకండి.

ఇంతకీ ఆ పెద్దావిడ ఖాతాలో వద్దు, నోట్లే కావాలంది. వంద నోట్లు పదమూడు చేతిలో పెట్టాను. మిగిలిన అరవైకి చిన్న నోట్లు అయిపోయాయి. ఆరు బిళ్లలు తీసి కౌంటర్ మీద పెడితే, నా వంక అనుమానంగా చూసి, "ఇవి చెల్లుతాయా బాబూ?" అంది.