స్ట్రాబెర్రీ హిల్: కాగితపు గుజ్జుతో లేచిన కోట

లండన్‌కు నైరుతి దిక్కున, ట్వికెన్‌హామ్‌లో ఉన్న స్ట్రాబెర్రీ హిల్ భవనం మరమ్మతులు ముగించుకుని 2010 అక్టోబరులో సందర్శకులకు మళ్లీ తెరుచుకుంది. పాత కట్టడమంటే నల్లబడ్డ రాయి అనుకునేవారిని దాని సున్నపు తెలుపు కాస్త తికమకపెడుతుంది. రాతి గుడికో కోటకో అయితే శిథిలమైన రాయి స్థానంలో అలాంటి రాయినే పెడతారు. పుట్టుకతోనే నకలుగా పుట్టిన ఇంటికి దేన్ని అసలు రూపంగా ఎంచి బాగుచేయాలన్న ప్రశ్న ఆ మరమ్మతుల వెనుక ఉంది. దానికి మూలం రెండున్నర శతాబ్దాల కిందటి ఒక యజమాని అభిరుచిలో దొరుకుతుంది.

బ్రిటన్ తొలి ప్రధానమంత్రిగా పేరొందిన రాబర్ట్ వాల్పోల్ చిన్న కొడుకు హొరేస్ వాల్పోల్ 1747లో ఇక్కడి ఒక మామూలు ఇంటిని అద్దెకు తీసుకుని, తర్వాత కొనేశాడు. 1698లో ఒక ప్రభువు దగ్గర పనిచేసిన బండివాడు కట్టుకున్న ఇల్లది. ఆనాటి సంపన్నుల మోజంతా కుడిఎడమలు అచ్చుగుద్దినట్టు కుదిరిన పల్లాడియన్ శైలి మీదే ఉండేది. తండ్రి కట్టించిన హౌటన్ హాల్ కూడా ఆ బాణీలోదే. కొడుకు మాత్రం మధ్యయుగపు చర్చిల గోథిక్ శైలి వైపు తిరిగాడు. మెదక్ చర్చిలో మనం చూసే మొనదేలిన కమానుల వంటివి అప్పటికి పాతబడిన మోటు పనిగా లెక్క. వాటిని ఒక నివాసగృహంలోకి తేవడం తెగింపే. జాన్ చ్యూట్, రిచర్డ్ బెంట్లీ అనే మిత్రులతో ఆయన ఒక ‘అభిరుచి సంఘం’ పెట్టుకుని, 1749 నుంచి దశాబ్దాల పాటు గదికి గది చేర్చుకుంటూ పోయాడు. ఒక మూల గుండ్రటి బురుజు, దాని పక్కన సన్నటి మరో బురుజు, ఒకదానితో ఒకటి పొసగని కిటికీలు: తరతరాలుగా పెరిగిన కోటలా కనబడాలన్నది కోరిక. నా దృష్టిలో చెక్కడాల కన్నా ఈ కావాలని చేసిన అసమానతే వాస్తుకళకు ఈ ఇల్లు ఇచ్చిన పెద్ద కానుక.

లోపల ప్రతిదానికీ ఒక మాతృక ఉంది, కాకపోతే అది వేరే పనికోసం పుట్టినది. గ్రంథాలయంలోని పుస్తకాల అరలకు లండన్‌లోని పాత సెయింట్ పాల్ కెథీడ్రల్ ద్వారం నమూనా. ఆ కెథీడ్రల్ 1666 అగ్నిప్రమాదంలోనే కాలిపోయింది కనుక, పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు హోలర్ చెక్కిన ముద్రాచిత్రాన్ని ముందు పెట్టుకుని గీశారు. అరల ముందున్న కమానులు తలుపుల్లా తెరుచుకుంటాయి, లేకపోతే పైవరుస పుస్తకాలు చేతికందవు. అదే గదిలోని ఫైర్‌ప్లేస్ లండన్‌లోని పురాతన చర్చి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలోని ఒక రాకుమారుడి సమాధికి అనుకరణ. 56 అడుగుల పొడవైన గ్యాలరీలో తలెత్తితే, అదే ఆబీలోని ఏడవ హెన్రీ ప్రార్థనాలయపు కప్పు విసనకర్రల్లా విచ్చుకుని, బంగారు పూతతో మెరుస్తుంది. అక్కడ అది రాయి. ఇక్కడ కాగితపు గుజ్జు. తాను పోయిన పదేళ్లకే ఈ కాగితపు కట్టడం గాలికి ఎగిరిపోతుందని వాల్పోల్ ఒక ఉత్తరంలో తనమీద తానే చమత్కరించుకున్నాడు.

ఆయన 1797లో కన్నుమూశాడు, ఇల్లు నిలిచింది. చెల్లాచెదురైంది లోపలి సొత్తు. వారసులైన వాల్డ్‌గ్రేవ్ కుటుంబం 1842లో 24 రోజుల పాటు వేలం నడిపి చిత్రాలు, పింగాణీ, పుస్తకాలు అమ్మేసింది. తర్వాత అదే కుటుంబపు ఫ్రాన్సెస్ వాల్డ్‌గ్రేవ్ భవనాన్ని మళ్లీ బాగుచేయించి విస్తరించింది. 1920లలో అది ఉపాధ్యాయ శిక్షణ కళాశాల చేతికి వచ్చింది. శిథిలావస్థకు చేరిన ఈ ఇంటిని చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2004లో ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది.

సుమారు 90 లక్షల పౌండ్ల ఖర్చుతో సాగిన పునరుద్ధరణలో, నిపుణులు వాల్పోల్ చివరి రోజుల నాటి రూపాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఆయనే స్వయంగా గదిగదికీ వర్ణన రాసి ఇంట్లోని అచ్చుయంత్రం మీద ముద్రించుకోవడం ఇక్కడ ఎంతగానో అక్కరకొచ్చింది. మెట్లగది గోడల మీది గోథిక్ జాలీల కాగితాన్ని తిరిగి చిత్రించారు, గ్యాలరీ గోడలకు నేతలోనే పూల నమూనా ఉండే ఎర్రటి డమాస్క్ బట్టను మళ్లీ నేయించారు. వేలంలో పోయిన వస్తువులను మాత్రం అలా తయారుచేయలేరు. వాటిలో కొన్నింటిని 2018 అక్టోబరులో ఒక ప్రదర్శన కోసం అరువు తెచ్చి, వీలైనంతవరకు వాటి పాత చోట్లలోనే ఉంచారు. 2019 ఫిబ్రవరిలో అది ముగిసింది.