స్కాండినేవియా పల్లె సినిమాల్లో మౌనం: అపోహలు - వాస్తవాలు

నేను ఎడిటర్ని, వీలున్నప్పుడు ఫిల్మ్ క్లాసులు కూడా చెప్తుంటా. ఈ సినిమాలు వేసినప్పుడల్లా ఇవే మాటలు వింటున్నా, అందుకే రాస్తున్నా.

అపోహ: చలిదేశం మనుషులు కదా, వాళ్ళకి ఎమోషన్స్ తక్కువ.

వాస్తవం: 2015లో వచ్చిన ఐస్‌లాండ్ సినిమా 'రామ్స్' చూడండి (ఐస్‌లాండ్ స్కాండినేవియా కిందకి వస్తుందా రాదా అనేది వేరే వాదన, కథ చెప్పే తీరు మాత్రం ఆ కుటుంబానిదే). ఇద్దరు అన్నదమ్ములు, పక్కపక్క ఇళ్ళు, గొర్రెలే లోకం, 40 ఏళ్ళుగా మాటల్లేవు, తప్పక ఏదైనా చెప్పాల్సొస్తే చీటీ రాసి కుక్కతో పంపిస్తారు. ఒకడు తాగి మంచులో పడి గడ్డకట్టుకుపోతుంటే రెండోవాడు ట్రాక్టర్ బకెట్‌తో ఎత్తి, అలాగే ఆస్పత్రి దాకా తోలుకెళ్ళి, గుమ్మం ముందు దింపేసి వచ్చేస్తాడు. పగా ప్రేమా రెండూ ఆ బకెట్‌లోనే ఉన్నాయి.

అపోహ: డైలాగులు తీసేస్తే నిగ్రహం (పాత్ర భావాల్ని లోపలే అణచుకోవడం) వచ్చేస్తుంది.

వాస్తవం: కొత్తగా స్క్రిప్ట్ రాసేవాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 'వింటర్ లైట్' (1963)లో పల్లెటూరి పాస్టర్‌కి అతన్ని ప్రేమించే టీచర్ ఉత్తరం రాస్తుంది, ఆ ఉత్తరం మొత్తం ఆవిడే కెమెరా కళ్ళలోకి చూస్తూ నిమిషాల తరబడి చెప్తుంది. మాటలకి కరువేం లేదు, కానీ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అవి బయటికి రాలేదు, కాగితం మీదకే వచ్చాయి. పాత్ర ఏం దాచుకుంటోందో, ఎవరి దగ్గర దాచుకుంటోందో రాసేవాడికి తెలియకపోతే తెరమీద ఉత్త ఖాళీ మొహమే మిగులుతుంది.

అపోహ: మంచు, సముద్రం అందం కోసం పెడతారు.

వాస్తవం: స్వీడన్ దర్శకుడు షోస్ట్రోమ్ 1917లోనే 'తెర్యే వీగెన్'లో జాలరి గుండెకోతనీ కోపాన్నీ సముద్రం చేత చెప్పించాడు, అదీ మూకీలో.

అపోహ: స్లో, ఏమీ జరగదు.

వాస్తవం: డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ 'ఓర్డెట్' (1955) రెండు గంటల పైమాటే, షాట్లు మాత్రం 120 లోపే, అంటే కట్ లేకుండా ఒక్కో షాట్ సగటున నిమిషం పైనే నడుస్తుంది. డెన్మార్క్‌లో జట్లాండ్ పల్లె, ఒకే దేవుణ్ణి రెండు రకాలుగా కొలిచే రెండు ఇళ్ళు, పిల్లల పెళ్ళికి పెద్దాళ్ళ పంతం అడ్డం, ఒక కొడుకు తనే క్రీస్తునంటాడు, ఇంకో కొడుకు భార్య కాన్పులో చనిపోతుంది. ఇంతకంటే ఏం జరగాలండీ? శవపేటిక దగ్గర తండ్రి "ఆమె ఆత్మ దేవుడి దగ్గరుంది" అని ఓదారిస్తే, అసలు నమ్మకమే లేని ఆ భర్త, నేను ఆమె శరీరాన్ని కూడా ప్రేమించానంటూ ఏడ్చేస్తాడు. అంతసేపూ అందరూ గొంతు దించి, నెమ్మదిగా అడుగులేస్తూ ఉన్నారు కాబట్టే ఆ ఒక్క మాట అంత గట్టిగా తగులుతుంది. "ముందు భాగం కొంచెం ట్రిమ్ చేయొచ్చు కదా సర్" అని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఈ సీనే.