ఒకే కంప్యూటర్‌లో 32 బిట్, 64 బిట్ లైబ్రరీలు: లినక్స్‌లో ఒక పాత చిక్కుముడి

64 బిట్ లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాం నడపబోతే, ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘అలాంటి ఫైలు లేదు’ అని టెర్మినల్ జవాబివ్వడం చాలామందికి ఎదురయ్యే అనుభవమే. కొత్తవారిని ఇంతగా తికమకపెట్టే సందేశం మరొకటి ఉండదనుకుంటాను. నిజానికి అక్కడ లోపించినది ఆ ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను (ప్రోగ్రాంలు పంచుకునే సిద్ధ కోడ్ ఫైళ్లను) వెతికి జతచేసే 32 బిట్ లోడర్. ఆ లోడరూ, దాని వెంట రావలసిన లైబ్రరీలూ సిస్టమ్‌లో ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి డెబియన్ అనే లినక్స్ పంపిణీకి ఏళ్లు పట్టింది.

ఇంటెల్ 1985లో తెచ్చిన 80386 ప్రాసెసర్‌తో పీసీలు 32 బిట్ యుగంలో అడుగుపెట్టాయి. ఆ పద్ధతిలో ఒక ప్రోగ్రాం 4 గిగాబైట్లకు మించిన మెమరీని చూడలేదు. ఆ హద్దు దాటడానికి ఇంటెల్ 2001లో ఇటానియం పేరుతో పూర్తిగా వేరే ఆదేశాల పద్ధతిని ఎంచుకోగా, ఏఎండీ పాత ఆదేశాలనే విస్తరించి 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్‌ను విడుదల చేసింది. నిలిచింది ఏఎండీ దారే. ఇందులో సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ రెండు రకాల ప్రోగ్రాంలనూ పక్కపక్కనే నడపగలదు కానీ, 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ లైబ్రరీని తనలో కలుపుకోలేదు, 32 బిట్ ప్రోగ్రాంకూ 64 బిట్ లైబ్రరీ పనికిరాదు. కాబట్టి సీ లైబ్రరీ మొదలుకొని ప్రతి లైబ్రరీకీ రెండేసి ప్రతులు అవసరమయ్యాయి.

ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఇమడవు. రెడ్ హ్యాట్, సూసే వర్గాల లినక్స్ పంపిణీలు 32 బిట్ లైబ్రరీలను ‘లిబ్’లోనే ఉంచి, కొత్తవాటికి ‘లిబ్64’ అనే ఫోల్డర్ కేటాయించాయి. డెబియన్ మాత్రం ముఖ్యమైన 32 బిట్ లైబ్రరీలన్నింటినీ మూటకట్టి ‘ఐఏ32-లిబ్స్’ అనే ఒకే భారీ ప్యాకేజీగా అందించింది. అందులోని ఏ ఒక్క లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినా మూట మొత్తాన్నీ మళ్లీ కట్టాల్సి వచ్చేది. మూటలో లేని లైబ్రరీ కావలసివస్తే వాడుకరి తన తిప్పలు తాను పడాల్సిందే. అవసరం అర్థమవుతుంది కానీ, దాన్ని అంతకాలం మోయడం సరైనదని చెప్పలేను.

దీనికి విరుగుడుగా వచ్చిన ‘మల్టీఆర్క్’ ఆలోచన ఎంతో సూటిగా ఉంటుంది: ఫోల్డర్ పేరులోనే ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) పేరు చేర్చాలి. అప్పుడు ఇంటెల్, ఏఎండీలకే కాక ఆర్మ్ వంటి వేరే ప్రాసెసర్ల లైబ్రరీలకూ చోటు దొరుకుతుంది. అసలు కష్టం ప్రోగ్రాంలను ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ మేనేజర్‌లో ఎదురైంది. యంత్రానికి ఒకే ఆర్కిటెక్చర్ ఉంటుందన్న నమ్మకం మీద నిర్మించిన డెబియన్ ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీకి, ఏ ప్యాకేజీ రెండు ప్రతులుగా ఉండవచ్చో, దేనికి ఒక్క ప్రతి సరిపోతుందో నేర్పవలసి వచ్చింది. 2011 ఏప్రిల్‌లో డెబియన్ ఆధారిత ఉబుంటు 11.04 ఈ దారిలో తొలి అడుగు వేయగా, 2013 మే నెలలో విడుదలైన డెబియన్ 7లో ఇది పూర్తిస్థాయిలో కనిపించింది. ఐ386ను (32 బిట్ పీసీ రకానికి డెబియన్ వాడే పేరు) అదనపు ఆర్కిటెక్చర్‌గా చేర్చేందుకు ఒక ఆదేశం, ఆపై కావలసిన లైబ్రరీ పేరు చివర ఐ386 అని తగిలించడం: వాడుకరి పని ఇంతకు తగ్గింది. అయితే రెండు ప్రతుల వెర్షన్ ఒకటే కావాలన్న నియమం ఉంది. ఒకటి అప్‌డేట్ అయి రెండోది వెనకబడితే ఇన్‌స్టలేషన్ మొరాయించడానికి కారణం అదే.

2019 జూన్‌లో ఉబుంటు తన 19.10 వెర్షన్ నుంచి ఐ386 ప్యాకేజీలను తొలగిస్తామని ప్రకటించింది. పాత ఆటలు ఈ లైబ్రరీల మీదే ఆధారపడి ఉన్నందున, ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నిర్వాహక సంస్థ వాల్వ్ ఆ వెర్షన్‌కు అధికారికంగా మద్దతివ్వబోమని తేల్చిచెప్పింది. వారం తిరగకముందే ఉబుంటు వెనక్కి తగ్గి, ఎంపిక చేసిన 32 బిట్ ప్యాకేజీలను కొనసాగిస్తామంది. సోర్స్ కోడ్ చేతిలో లేని ప్రోగ్రాంను ఎవరూ 64 బిట్‌కు మార్చి ఇవ్వలేరు కనుక ఆ వెనకడుగు న్యాయమైనదే.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఐ386కు సొంత ఇన్‌స్టాలర్ గానీ కెర్నల్ గానీ లేవు. 64 బిట్ సిస్టమ్ పక్కన పాత ప్రోగ్రాంలను నడిపించడానికే అది మిగిలింది. 2038 జనవరి 19న, సమయాన్ని సెకన్లలో లెక్కించే 32 బిట్ సంఖ్య నిండిపోతుంది కాబట్టి, డెబియన్ తన మిగతా 32 బిట్ ఆర్కిటెక్చర్లలో కాలాన్ని 64 బిట్లకు పెంచింది. ఐ386ను మాత్రం ముట్టుకోలేదు. మారిస్తే, ఏ పాత ప్రోగ్రాంల కోసం దాన్ని నిలబెట్టారో అవే పనిచేయకుండా పోతాయి.