బలం బిళ్లల వెనక వందేళ్ల కథ

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఏ మందుల షాపు దగ్గర కాసేపు నిలబడినా అరవై దాటిన ఒక మామ్మ వచ్చి "మోకాళ్లు పట్టేస్తున్నాయి బాబూ, బలానికేదైనా ఇయ్యి" అనడం వినిపిస్తుంది. చేతికొచ్చేది విటమిన్ బిళ్లల అట్టో, 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి ప్యాకెట్టో. ఈమధ్య "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుంది", అంటే లోలోపలి మంట, వాపు తగ్గుతుంది, అని కూడా చెప్పి ఇస్తున్నారు.

ఈ నమ్మకం గాల్లోంచి ఊడిపడలేదు. 1912లో పోలండ్ శాస్త్రవేత్త కాసిమిర్ ఫంక్ విటమిన్ అనే పేరు పెట్టాక, లోటు తీరిస్తే జబ్బే పోతుందని ఒకదాని తర్వాత ఒకటి రుజువవుతూ వచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని ఇంగ్లీషు డాక్టరు లూసీ విల్స్ 1931లో రాసింది. ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ ఆసిడ్ అనే బి విటమిన్. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే.

అయితే ఇవన్నీ లోటున్నవాళ్ల కథలు. లోటు లేనివాళ్లకూ విటమిన్లు ఇస్తే ముసలితనమే వెనక్కి పోతుందన్న ఆశ తర్వాత పుట్టింది. ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే అణువుల వల్లే ముసలితనం వస్తుందని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హమ్ హార్మన్ అన్నాడు, 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ వయసుతోపాటు ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే ఒంట్లో సన్నగా రగిలే ఇన్‌ఫ్లమేషన్‌కు ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు, ఇక బిళ్లల వ్యాపారానికి ఇంకేం కావాలి!

పరీక్షల్లో మాత్రం ఆశ అంతగా నిలబడలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరొటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. అమెరికాలో పాతికవేల మందికి పైగా చేరిన వైటల్ అనే పరీక్షలో, రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్ వేసుకున్నవాళ్లకు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ రెండో ఏడాదికి తగ్గింది గానీ నాలుగో ఏడాదికి ఆ తేడా మిగల్లేదు. అదే పరీక్షలో, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడిచేసే ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తగ్గాయన్నది మాత్రం కొట్టిపారేయలేని సంగతి.

కాబట్టి వయసైపోయిందని బిళ్ల మింగడం వేరు, లోటుందని మింగడం వేరు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 పడిపోవచ్చు, అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే రక్తపరీక్ష చేయించడం మేలు. ఇక ఆ 60,000 ప్యాకెట్టు లోటున్నవాళ్లకు డాక్టరు మామూలుగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు, దాన్ని బలం మందనుకుని రోజూ పాలల్లో కలుపుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పొస్తుంది.