మీ గంట లెక్క ఎట్లా తేలుతుంది?

అనంతపురం పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. 'వారానికి మూడు గేమ్స్ పీరియడ్లు ఉన్నాయి కదా సార్, రోజూ గంటసేపు ఒళ్ళు కదిలించాలన్న మాట మాకు తీరినట్టేనా' అని అడిగారు. విజిలు ఊది రిటైరైనవాణ్ణి, తీరిందనే చెప్పాలని ఉంది. స్టాప్‌వాచ్ ఒప్పుకోదు.

ఖోఖోనే చూడండి. తరిమే జట్టులో తొమ్మిది మంది దిగితే ఎనిమిది మంది గడుల్లో కూర్చుని ఉంటారు, ఉరికేది ఒక్కరే. అవతలి జట్టు ముగ్గురు ముగ్గురుగా లోపలికొస్తారు, మిగతావాళ్ళు పక్కన కూర్చుని అరుస్తుంటారు. టర్ను తొమ్మిది నిమిషాలు. ఈసారి ఆడేటప్పుడు ఎవరో ఒకరు బయట నిలబడి, మూడో గడిలో ఉన్న అమ్మాయి మీదే కన్నేయండి. ఆమె లేచి ఉరికితే వాచీ నొక్కండి, కూర్చోగానే ఆపండి. టర్ను అయ్యాక అంకె చూస్తే మీకే నవ్వొస్తుంది. ఆట గొప్పదే. ఆట జరిగిన సేపంతా ఆ అమ్మాయి ఉరికినట్టు రాసుకోవడమే తప్పు. పరిశోధకులు బడికొచ్చి చూసేదీ దాదాపు ఇట్లాగే. ఒక పిల్లనో పిల్లవాణ్ణో పట్టుకుని పది సెకన్లు చూస్తారు, పది సెకన్లు రాసుకుంటారు. పడుకుందా, కూర్చుందా, నిలబడిందా, నడిచిందా, అంతకన్నా గట్టిగా కదిలిందా, అంతే. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబెట్టిన చిన్నోడి లెక్క నేను చెప్పను, పాపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు చెప్పేది రోజుకు 60 నిమిషాలు. ఆ నిమిషాలు ఉత్త నడకలో పోయేవి కావు. గుండె వేగం పెరగాలి, ఊపిరి కాస్త ఎగపోయాలి. గుర్తు సులువే. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మోస్తరు శ్రమ, నాలుగు మాటలకే రొప్పొస్తే గట్టి శ్రమ. రెండూ లెక్కకొస్తాయి. వారంలో మూడు రోజులైనా గట్టి శ్రమా, కండకూ ఎముకకూ బలమిచ్చే పనీ ఉండాలంటారు. తాడాట, తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతులు ఎముకకు మంచివే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకడు శనివారం 120 నిమిషాలు, ఆదివారం 150 నిమిషాలు ఆడతాడనుకోండి. మిగతా ఐదు రోజులూ ముప్పై ముప్పై. కూడితే 420, ఏడుతో భాగిస్తే సరిగ్గా 60. వీడు పాసా, ఫెయిలా? 2010లో ఆ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన 'ప్రతిరోజూ కనీసం 60' అంది. ఆ ప్రకారం రెండు రోజులే పాస్, వాడు ఫెయిల్. 2020 నవంబరులో దాన్ని 'వారం మీద సగటున రోజుకు 60' అని మార్చారు. ఇప్పుడు అదే పిల్లోడు పాస్. వాడి కాళ్ళు చేసింది అంతే, మారింది కొలబద్ద.

దీన్ని గుర్తుపెట్టుకుని పెద్ద అంకెల దగ్గరికి రండి. 2019లో అచ్చైన ఒక పరిశీలనలో 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ళ బడిపిల్లలు 16 లక్షల మంది చెప్పిన జవాబులు కూర్చారు. 2016 నాటికి వాళ్ళలో 81 శాతం మందికి చాలినంత కదలిక లేదని తేలింది. ఆడపిల్లల్లో 85, మగపిల్లల్లో 78. మన దేశానిది 74 దగ్గర. పాత 'ప్రతిరోజూ' లెక్క అది. పైగా ఇట్లాంటి సర్వేల్లో ఎక్కువగా అడిగేది, గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు గంట కదిలావని. మొన్న మంగళవారం ఏం చేశావని అడిగితే మీలో ఎంతమంది సరిగ్గా చెప్తారు? అయినా ఆ అంకెను కొట్టిపారేయను. పొరపాటు ఎంత తీసేసినా మిగిలేది చాలా ఎక్కువే.

ఈ కదలిక లెక్కలో మన దేశపు ఆడపిల్లల అంకె చాలా దేశాలకన్నా కాస్త మెరుగ్గా ఉండడానికి ఇంటిపని కారణం కావచ్చని ఆ పరిశీలన చేసినవాళ్ళు అప్పట్లో అన్నారు. మెచ్చుకోలుగా తీసుకోవద్దు, వాళ్ళకు ఆట దొరకడంలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది. కానీ పని పనే. ట్యాంకరు దగ్గర నుంచి నిండు బిందె చంకన పెట్టుకుని మూడు సందులు దాటే పిల్లకు ఊపిరి ఎగపోస్తే ఆ నిమిషాలు ఆమెవి. కదలికను లెక్కపెట్టే వాచీ చేతికి కడితే చాలదా అంటారేమో. బిందెను పట్టుకున్న చెయ్యి కదలదు, వాచీ తక్కువ చూపిస్తుంది. బరువు సంగతి దానికి అసలే తెలియదు. నడుముకు కట్టే మీటరు అయితే సైకిల్ తొక్కడాన్ని సరిగ్గా పట్టుకోలేదు. అందుకే ఉత్త వాచీని నమ్మొద్దు, పక్కన నిమిషాలు రాసుకునే పుస్తకమూ ఉండాలి.

బడిలో పెట్టే 600 మీటర్ల పరుగు పరీక్ష వేరే సంగతి. అది ఒంట్లో ఎంత సత్తా ఉందో చెప్తుంది, రోజూ ఎంత కదులుతున్నారో చెప్పదు.

ఇంకోటి, ఎవర్ని కొలుస్తున్నారో చూసుకోండి. మన ఊళ్ళో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) స్టేడియంలో హాకీకో, టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరుతో 2010లో మొదలైన టెన్నిస్ బడికో వెళ్ళే పిల్లల్ని మాత్రమే రాసుకుంటే మన జిల్లాకు ఫస్ట్ క్లాస్ వస్తుంది. పుస్తకం క్లాసులో అందరిదీ ఉండాలి, చివరి బెంచీ వాడిదీ, కాలు సరిగాలేని వాడిదీ. అట్లాగే ఈ ఒక్క సెప్టెంబరు నెల లెక్కతో ఆపొద్దు. ఒంటిపూట బడులు మొదలై, మధ్యాహ్నం గడప దాటలేని ఎండలో మన ఊళ్ళో లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున ఏడులోపు, సాయంత్రం ఎండ దిగాక ఆడిందే రాయాలి. ఎక్కువ నిమిషాల కోసం ఎండన ఉరికితే మాత్రం నేనే వచ్చి చెవి పిండుతా.

రూళ్ళ పుస్తకం తీసి రోజుకో వరుస గీయండి. నడిచి, సైకిల్ తొక్కి బడికెళ్ళింది ఒక గడి, ఆట ఒక గడి, ఇంటిపని ఒక గడి. పాట పాడలేనంతగా ఊపిరి ఎగపోసిన నిమిషాలే వెయ్యండి, అదీ ఆ రాత్రే, మర్నాటికి ఉంచకుండా. అబ్బాయిలూ, మీ ఇంటిపని గడిలో సున్నాలే ఉంటే సున్నాలే పెట్టండి, సిగ్గుపడి అంకెలు కల్పించొద్దు. ఒక వారం ఇప్పుడు, ఒక వారం ఏప్రిల్‌లో. రెండూ కలిపి పోస్టు చెయ్యండి, కూడికలు నేను సరిచూస్తా.

మీ డ్రిల్లు సారు